గుమ్మం దగ్గరి ఫీజు

ఈమధ్య ఒక పెద్ద హోటల్లో జరిగిన సదస్సుకు వెళ్లాను. కుర్రకారుకు అందే మానసిక వైద్యాన్ని అర్థశాస్త్రం సాయంతో ఎలా బాగుచేయాలన్నది అక్కడి విషయం. మాట్లాడినాయన తెరమీద గీతలూ వంపులూ చూపిస్తూ, వైద్యం ఉచితంగా ఇచ్చినంత మాత్రాన రోగికి ఖర్చు లేదనుకోకూడదని, ఆ కనపడని ఖర్చేమిటో ముందు కనుక్కోవాలని చాలాసేపు చెప్పాడు. అందరూ శ్రద్ధగా రాసుకుంటున్నారు. నాకేమో నవ్వు ఆగలేదు. పక్క కుర్చీలో ఉన్నావిడ కాస్త జరిగి కూర్చుంది. మామూలువాళ్లు తమలో తాము నవ్వుకుంటే ఫరవాలేదు గాని, మానసిక వైద్యుడు నవ్వుకుంటే జనం ఓర్చుకోలేరు.

ఆ ఉపన్యాసం మొత్తాన్ని అమలాపురంలో ఒకావిడ, చేతిలో సగం తిన్న పెసరట్టుతో, ఒక్క వాక్యంలో నాకు ఎప్పుడో చెప్పేశారు. ఆవిడ పోయి కొన్నేళ్లయింది. పేరు రాయను. పేర్లు బయట పెట్టడం ఆవిడకు గిట్టేది కాదు. మేమంతా మేడం గారు అనేవాళ్లం.

మేడం గారు డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవారు. భారీ మనిషి, అంతకంటే భారీ నవ్వు. రిక్షా ఎక్కేముందు రిక్షా అతన్ని “ఏవనుకోకు నాయనా” అని బతిమాలి ఎక్కేవారు. చేతిలో ఎప్పుడూ మగవాళ్ల నల్లగొడుగు ఉండేది. అది ఎండకూ వానకూ కాదు, మాట్లాడేటప్పుడు నేలమీద పొడవడానికి. ఎవరు ఏం చేస్తానన్నా ఆవిడది ఒకటే ప్రశ్న: “దేనికి బదులు?” స్కూటరు కొంటానంటే దేనికి బదులు, ఇల్లు మారతానంటే దేనికి బదులు, పెళ్లి చేసుకుంటానన్న కొత్త లెక్చరర్ని కూడా దేనికి బదులు అని అడిగి హడలగొట్టారు. ఒకటి చేస్తున్నామంటే ఇంకోటి మానుకుంటున్నామని, మానుకున్నదే దాని అసలు ఖరీదని ఆవిడ సిద్ధాంతం. ఈ సిద్ధాంతం టిఫిన్లకు మాత్రం వర్తించదు. “ఇది భోజనానికి బదులండి” అంటూ పెసరట్టు తినేవారు. ఆ తర్వాత భోజనం చేసేవారు. నేను గుర్తుచేస్తే “ఎకనామిస్టులు చెప్పింది జరిగిందెప్పుడండీ” అనేవారు.

నేనప్పుడు కాకినాడలో పనిచేస్తున్నాను. అమలాపురంలో ఒక ధర్మసంస్థ కాలేజీ వయసు పిల్లల కోసం మానసిక వైద్యం గది తెరిచి, వారానికోసారి రమ్మంటే ఒప్పుకున్నాను. యానాం దగ్గర ఇంకా వంతెన పడలేదు. శుక్రవారం పొద్దున్నే బస్సెక్కి, పంటు మీద గోదావరి దాటి, ఎదుర్లంకలో మళ్లీ బస్సు పట్టుకోవాలి. పంటు అంటే ఆటోలూ సైకిళ్లూ మేకలూ అన్నీ ఎక్కే పెద్ద పడవ. వైద్యానికి ఫీజు లేదు, మందులు కూడా ఉచితం. మొదట్లో పిల్లలు బాగానే వచ్చారు. చిక్కేమిటంటే, ఒకసారి వచ్చినవాళ్లు రెండోసారి రావడం లేదు.

మాది కృష్ణా జిల్లా. కోనసీమ మర్యాదలు నాకు కొత్త. “నిద్ర పడుతోందా?” అంటే “ఆయ్” అనేవారు. “మందులు వేసుకుంటావా?” “ఆయ్.” “వచ్చే శుక్రవారం వస్తావు కదూ?” “ఆయ్, తప్పకుండానండి.” ఆ తర్వాత అయిపూ అజా ఉండదు. పెద్ద డాక్టరు అంత దూరం నుంచి నదులు దాటి వచ్చి అడుగుతుంటే కాదని ఆయన మనసు నొప్పించడమెందుకని వాళ్ల ఉద్దేశం. నా మనసు నొప్పించకుండా వాళ్లు జబ్బు మోసుకుంటూ తిరిగారు.

సంస్థ ప్రెసిడెంటుగారు కొబ్బరి వ్యాపారి. మంచివాడే గాని లెక్క మనిషి. ఇంటింటికీ మనిషిని పంపి, వైద్యం ఎలా ఉందో అడిగించారు. బ్రహ్మాండంగా ఉందని అందరూ చెప్పారు. కమిటీ సమావేశంలో ప్రెసిడెంటుగారు ఆ సంగతి చదివి, “అందరూ బాగుందంటున్నారు, ఎవరూ రావట్లేదు. అంటే జబ్బులన్నీ తగ్గిపోయేయన్నమాటేనండి” అని తేల్చారు. “కంటి శిబిరం పెడితే వీధి చివరిదాకా లైనుంటాదండి. ఇక్కడ డాక్టరుగారు ఈగలు తోలుకుంటున్నారు. వేసవి దాకా చూసి గది కళ్లకిచ్చేద్దాం.”

ఇంకో సభ్యుడు మాత్రం గది ఉండాలన్నాడు. మైకు పెట్టిన ఆటో ఊరూరా తిప్పి, పెద్ద బోర్డు రాయించి, గోడలమీద కాగితాలు అంటిస్తే జనం వస్తారని ఆయన ఆశ.

కమిటీలో మేడం గారు కూడా సభ్యురాలే. గొడుగు నేలమీద పొడిచారు. “నోరేం చెప్పిందో చూడకండి. కాళ్లెటెళ్లేయో చూడండి. ఇంత మర్యాదస్తుల ఊళ్లో నోటి సాక్ష్యం చెల్లదండి. కాళ్లు విశాఖపట్నం ఆస్పత్రికెళ్తున్నాయి, ద్రాక్షారామం గుడికెళ్తున్నాయి, తాయెత్తు కట్టేవాడి దగ్గరికెళ్తున్నాయి. పనులు మానుకుని, అప్పులు చేసి మరీ వెళ్తున్నాయి. మన దగ్గర ఊరికే దొరికేదొదిలేసి అంత పెట్టుకుంటున్నారంటే వాళ్లు తెలివితక్కువోళ్లు కాదండి. అంతకంటే ఎక్కువేదో మనం గుంజుకుంటున్నాం. అదేంటో తెలిసేదాకా పైసా ఖర్చు పెట్టకండి.”

ఖర్చు పెట్టవద్దన్న మాట ఆ కమిటీలో వినపడడం అదే మొదటిసారట. ప్రెసిడెంటుగారు ముచ్చటపడి ఆవిడకు కొబ్బరినీళ్లు తెప్పించారు.

మేడం గారి ఆరాటమంతా ఒక అమ్మాయి గురించి. ఉప్పలగుప్తం దగ్గరి ఊరు. ఆవిడ క్లాసులోనే చదివేది. పరీక్ష హాల్లో గుండె దడ, చేతులు వణుకు. రాను రాను కాలేజీ మానేసింది, అన్నం మానేసింది. మేడం గారే నచ్చజెప్పి నా దగ్గరికి పంపారు. ఒక్కసారి వచ్చింది, ఆయ్ అంది, వెళ్లిపోయింది. ఆ పిల్ల పరిస్థితి నాకు భయంగానే ఉండేది. మా గది మూతపడితే ఆ అమ్మాయికి దగ్గర్లో ఇంకెవరూ లేరు. ఆ మాట మేడం గారితో అంటే ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. అలా పోవడం నేను అరుదుగా చూశాను.

మర్నాడే ఆవిడ ఆ ఊరు వెళ్లారు. వెళ్లగానే “నేనెళ్తానండి” అన్నారట. ఇది ఆవిడ పద్ధతి. కోనసీమలో చుట్టం ఇంట్లో కూర్చున్నంతసేపూ క్షేమసమాచారాలే నడుస్తాయి. అసలు మాట సాగనంపడానికి బస్సు దాకా వచ్చినప్పుడు బయటికొస్తుంది. కాబట్టి ఆవిడ ఎవరింటికి వెళ్లినా తొందరగా బయల్దేరేసి, బస్సులు మాత్రం వదిలేసేవారు.

ఆ రోజు కూడా అంతే జరిగింది. ఇంట్లో ఉన్నంతసేపూ పిల్ల తల్లి “దానికేవండీ, బానే ఉంది” అంటూ వచ్చింది. రోడ్డెక్కాక, మొదటి బస్సు వెళ్లిపోయాక చెప్పింది.

“గది దగ్గర పోస్టుమాస్టరుగారు దేవుడులాంటి మనిషండి. ఆయన్ననకూడదు. బస్టాండులో మా అత్తగారు కనపడితే ‘మనవరాలికి నిద్ర పడుతుందాండీ’ అని అడిగేరంట. పక్కన మా చుట్టాలున్నారండి. సాయంత్రానికి ఊరంతా వచ్చి పలకరించేరు. పిల్ల తలుపేసుకుందండి. మా అత్తగారైతే ఇంకా గడప దాటనివ్వనన్నారు. వాళ్ల నాన్నగారికి మస్కట్‌లో ఈ సంగతే తెలీదండి.”

తర్వాతి శుక్రవారం హోటల్లో మేడం గారు పెసరట్టు సగంలో ఆపి, నాకు ఆ ఒక్క వాక్యం చెప్పారు. “ఫీజు లేదని బోర్డెట్టి, గుమ్మం దగ్గర పరువు వసూలు చేస్తున్నామండి డాక్టరుగారూ.”

పోస్టుమాస్టరుగారి గురించి చెప్పాలి. రిటైరయ్యాక మా గది గుమ్మం దగ్గర ఉచితంగా సేవ చేసేవారు. తెల్లటి పంచె, చల్లటి కుండ. వచ్చిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ మంచినీళ్లిచ్చి, “ఏ ఊరు బాబూ? ఎవరి తాలూకు? ఓహో, మీ మేనమామగారు మాకు బాగా తెలుసు కదా” అని మొదలుపెట్టేవారు. ఆ చుట్టుపక్కల ఆయనకు తెలియని ఇల్లు లేదు. ఎవరి తాలూకో కనుక్కోకుండా మనిషికి నీళ్లివ్వడం ఆయన దృష్టిలో అమర్యాద. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గాని, ఆయన మంచి నోటి వల్లే మా గది ఖాళీ అయింది.

ఆయనకు ఈ సంగతి ఎవరు చెబుతారు? ప్రెసిడెంటుగారు నావల్ల కాదన్నారు. నేను చెబుతానంటే మేడం గారు ఒప్పుకోలేదు. పొమ్మనలేక పొగబెట్టడం కూడా ఆవిడకు చేతకాదు. చివరికి కమిటీ ముందు గొడుగు ఊతగా లేచి నిలబడి, “డాక్టరుగారు పాపం ఎదుర్లంక రేవులో చాలా ఇబ్బంది పడుతున్నారండి. తెలిసిన పెద్దవారెవరైనా ఎదురెళ్లి తీసుకొస్తే బావుంటుంది” అన్నారు.

“నాకేం ఇబ్బంది లేదండీ” అన్నాను. గొడుగు మొన నా పాదం మీద దిగింది.

“చాలా ఇబ్బందండి” అన్నాను.

పోస్టుమాస్టరుగారు కదిలిపోయారు. ఆ వారం నుంచి నా కోసం రేవులో నిలబడేవారు. బస్సులో అమలాపురం దాకా నా మేనత్తలు, వాళ్ల ఆడపడుచులు, ఆ ఆడపడుచుల వియ్యాలవారు వరసగా బయటికి వచ్చేవారు. కొన్నాళ్లకే ఆయన నాకు దూరపు పెదనాన్న అవుతారని తేలింది. ఆ ఖర్చు పూర్తిగా నా నెత్తిన పడింది. మేడం గారితో మొరపెట్టుకుంటే “దేనికి బదులో ఆలోచించండి” అన్నారు.

రెండో మార్పు గుమ్మానిది. మేడం గారు వీధి వైపు తలుపు మూయించి బోర్డు తీయించేశారు. వెనక తలుపు తీస్తే ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ వరండా. ఆ రోజుల్లో కోనసీమలో టైపు నేర్చుకోని పిల్లలు లేరు. టైపుకు వెళ్తున్నావా అని ఎవరూ ఆరా తీయరు. ఇన్‌స్టిట్యూట్ యజమానిని ఒప్పించి, మా పిల్లలు ఆ దారినే వచ్చి, వంతు వచ్చేదాకా ఖాళీ మిషన్ల మీద నేర్చుకునే ఏర్పాటు చేశారు. ఆ టకటకలో ఇంకో సౌకర్యం కూడా ఉందని నాకు తర్వాత తెలిసింది. లోపల ఎవరైనా ఏడ్చినా బయటికి వినపడదు.

మేడం గారు మళ్లీ ఆ ఊరు వెళ్లి, మళ్లీ బస్సులు వదులుకుని, ఈసారి నాయనమ్మను రోడ్డుదాకా రప్పించుకున్నారు. “పిల్లని టైపులో చేర్పించండి. లోపలికెళ్లాలో లేదో దాని ఇష్టం” అని మాత్రం చెప్పి వచ్చారట. పిల్ల నాయనమ్మతో వచ్చింది. చాలా వారాలు టైపు కొట్టి వెళ్లిపోయింది. నేను తలుపు సందులోంచి చూసి ఊరుకునేవాణ్ణి. ఒక శుక్రవారం తనే లోపలికి వచ్చి కూర్చుంది. అడిగినవాటికి ఆయ్ అంది. ఈసారి నేను మేడం గారి పద్ధతి పాటించాను. “సరేనమ్మా, వెళ్దాం పద” అని లేచి, గుమ్మందాకా సాగనంపబోయాను. తలుపు మీద చెయ్యి వేసి నిలబడిపోయింది.

“పరీక్షంటే భయం కాదండి. మా నాన్నగారు ఫోన్ చేసినప్పుడల్లా ‘నీ చదువు కోసమే ఇక్కడ పడున్నానమ్మా’ అంటారండి. నేను తప్పితే ఆయన అన్నేళ్లు అక్కడున్నదంతా దండగైపోద్ది కదండీ.”

ఆ మాటతో ఆ పిల్లకు ఏడుపొచ్చింది. నాకూ వచ్చింది. బయట టైపు మిషన్లు కొట్టుకుంటూనే ఉన్నాయి. ఆ రోజు నుంచి వైద్యం నిజంగా మొదలైంది.

వేసవిలో కమిటీ కూర్చుంది. గది గురించి తేల్చే రోజు. అప్పటికి వెనక వరండా నిండుతోంది, అయినా ప్రెసిడెంటుగారికి మనసొప్పలేదు. బాగయినవాళ్లను ఒకరిద్దరిని పిలిచి చెప్పించమన్నారు. “కుదరదండి” అన్నారు మేడం గారు. ఆ సీమలో అంత తిన్నగా కుదరదనగలిగిన మనిషి ఆవిడొక్కరే. “కళ్లజోడు పెట్టుకున్నవాడు వీధిలో కనపడతాడు. ఇక్కడ బాగయినవాడు మామూలు మనిషిలా కనపడతాడు. అదేనండి బాగవడం అంటే.”

ప్రెసిడెంటుగారు కాసేపు మీసం నిమురుకున్నారు. “పోనీ నాకు తెలిసిన లెక్కలో చెప్పుకుంటానండి. లేత కొబ్బరిమొక్కకి నడిచిగురు మొవ్వులో పురుగు పడితే అప్పుడే మందెయ్యాలి. అది కాస్త ఖర్చు. ఒదిలేస్తే తరాలపాటు కాయాల్సిన చెట్టు పోద్ది. అంతేనాండీ మీరనేది?”

ఆవిడ చప్పున అవునంటారని అనుకున్నాను. అంతకంటే అనుకూలమైన మాట ఇంకేముంటుంది? ఆవిడ తల అడ్డంగా ఊపారు. “సగం అంతేనండి. ఆ సగానికే గది ఉంచొచ్చు. కాని చెట్టునైతే కాపు చూసి ఉంచుతాం. పిల్లల్ని కాపు చూసి ఉంచుకోడం లేదు కదండీ మనం.”

తలుపు దగ్గర ఆ పిల్ల నాతో ఏమందో మేడం గారికి తెలియదు. నేను చెప్పలేదు, చెప్పకూడదు కూడా. అయినా ఆ పిల్ల భయానికి జవాబే ఆవిడ నోట వచ్చింది. ఆ క్షణంలో నాకు ఆవిడంటే పుట్టిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

గది నిలిచింది. కంటి శిబిరానికి ప్రెసిడెంటుగారు తన కొట్టు ముందు పందిరి వేయించారు.

పోస్టుమాస్టరుగారి సంగతి మిగిలింది. ఒకరోజు ఆయన యానాం దాకా ఎదురొచ్చారు. పంటు మీద గోదావరి మధ్యలో ఉండగా ఉన్నట్టుండి, “మేడం గారు నన్నిక్కడికెందుకు పంపేరో నాకు తెలుసండి” అన్నారు. “అడక్కుండా ఉండలేనండి నేను. పుట్టుకతో వచ్చింది. ఇక్కడుంటేనే పిల్లలకి మంచిది. ఆవిడ నన్ను నొప్పించలేదు చూడండి, అది గొప్ప.” ఆ మాట అనేసి, నా తోడల్లుడి ఊరి గురించి అడగడం మొదలుపెట్టారు. వంతెన పడ్డాక కూడా ఆయన ఎదురు రావడం మానలేదు.

మేడం గారు ఇందుకు కట్టిన మూల్యం ఒకటుంది. మా గదికి వచ్చే పిల్లలు ఎక్కడ కనపడినా ఆవిడ పలకరించేవారు కాదు. పెళ్లిళ్లలో, బజారులో, గుళ్లో ముఖం తిప్పుకుని వెళ్లిపోయేవారు. ఈవిడ మీకెలా తెలుసని ఎవరైనా అడిగితే ఆ పిల్లలు ఏం చెబుతారని ఆవిడ బెంగ. కోనసీమలో పలకరించకపోవడం కంటే పెద్ద అవమానం లేదు. ఎందుకో తెలియని పెద్దలు ఆవిడకు పొగరన్నారు. మనుషులంటే ప్రాణం పెట్టే మనిషికి అది చిన్న కష్టం కాదు. నేను జాలిపడితే “పొగరు నాకు నప్పుతుందండి, మనిషిని కూడా అలాగే ఉన్నాను కదా” అని నవ్వేసేవారు.

చాలా ఏళ్ల తర్వాత ఆ అమ్మాయి అమలాపురంలో నెట్ సెంటరు పెట్టింది. టైపులో చురుకైన చెయ్యి కంప్యూటరు మీదికి వెళ్లింది. గల్ఫ్‌లో ఉన్న వాళ్లతో ముఖం చూస్తూ మాట్లాడే సదుపాయమని ఊళ్లో ఒకటే సంబరం. మస్కట్ నుంచి తిరిగొచ్చేసిన వాళ్ల నాన్నగారు గుమ్మానికి మామిడాకులు కడుతున్నారు. రిబ్బను కత్తిరించడానికి ప్రెసిడెంటుగారిని పిలిచారు. నన్నూ మేడం గారినీ కూడా పిలిచారు. ఈ సంగతి రాస్తానంటే ఆ అమ్మాయి తన పేరు కూడా వేయమంది. నేనే వేయడం లేదు.

మేడం గారు ఎవరివంకా చూడకుండా స్వీట్ల పళ్లెం దగ్గర నిలబడ్డారు. ప్రెసిడెంటుగారు అమ్మాయిని అడిగారు. “మేడం గారు నీకెలా తెలుసమ్మా?”

అమ్మాయి నోరు తెరిచేలోపలే మేడం గారు అందుకున్నారు. “నాకు తెలీదండి. దారినెళ్తుంటే కాజాలు కనపడ్డాయి, వచ్చేను.”

అమ్మాయి నవ్వింది. వెళ్లి ఆవిడ గొడుగు తీసుకుని పక్కన పెట్టి, ఆవిడ చెయ్యి పట్టుకుంది. “అదేం మాటండీ. చదువుకునేటప్పుడు నాకు మనసు బాగోలేదండి. ఈ డాక్టరుగారి దగ్గర మందులు వాడేను. మేడం గారే పంపేరు. ఈవిడ లేకపోతే నేను లేనండి.”

వాళ్ల నాన్నగారు మామిడాకులు పట్టుకుని అలాగే స్టూలు మీద నిలబడిపోయారు. మూల కుర్చీలో ఉన్న నాయనమ్మ తాపీగా, “నేనే బస్సెక్కించి తీసుకెళ్లేదాన్నండి” అంది.

మేడం గారు కళ్లజోడు తీసి పైటకొంగుతో తుడుస్తూ ఉండిపోయారు. ఆవిడకు మాట రాకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

అప్పుడు గుమ్మం దగ్గర నిలబడిన ఒకావిడ, చంకలో సంచితో, జనంలోంచి నా దాకా వచ్చింది. నేనెరగని మనిషి. నన్ను పక్కకు పిలవలేదు, గొంతు తగ్గించలేదు. అందరి ముందూ అడిగింది.

“మా పెద్దాడిని తీసుకొస్తానండి. మీరు ఏ రోజొస్తారు?”